పైథాన్ డిక్షనరీ: కీలు, పోలికల చరిత్ర

పైథాన్ భాషలో కీలను, వాటి విలువలను జతలుగా దాచే నిర్మాణం డిక్షనరీ. కావలసిన కీ కోసం ఇది మొదటి నుంచి చివరిదాకా వెతకదు. కీ నుంచి హ్యాష్ అనే పూర్ణాంకాన్ని లెక్కకట్టి నేరుగా ఒక గడికి వెళ్తుంది. అక్కడున్నది అదే వస్తువైతే వెతుకులాట ముగిసినట్లే. కాకుంటే, హ్యాష్‌లు కలిసినప్పుడే రెండు కీలూ సమానమా అని సరిచూస్తుంది. సమానమైన కీలకు హ్యాష్ కూడా ఒకటే కావాలన్నది మూల నియమం. 1, 1.0 సమానం కాబట్టి, 1 కింద ‘అ’ దాచి ఆపై 1.0 కింద ‘ఆ’ దాస్తే ఒక్క జతే మిగులుతుంది: కీ 1, విలువ ‘ఆ’. కీ పాతదే ఉంటుంది, విలువ మాత్రం మారుతుంది. లోపలి అంశాలు మారగల లిస్టును కీగా ఒప్పుకోకపోవడానికీ ఈ నియమమే కారణం.

హ్యాష్ పద్ధతిని 1953లో ఐబీఎం ఉద్యోగి హాన్స్ పీటర్ లూన్ ప్రతిపాదించాడు. తర్వాతి దశాబ్దాల్లో ఇది అనేక భాషల్లోకి పాకింది. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ తొలి రూపంలోనే డిక్షనరీ ఉంది.

పైథాన్ 2లో రెండు డిక్షనరీల మధ్య ఏది పెద్దదని కూడా అడిగే వీలుండేది. అప్పుడు ముందుగా జతల సంఖ్యను చూసేది. పెద్దగా అక్కరకు రాని ఆ పోలికను 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 తొలగించి, సమానమా కాదా అన్న ప్రశ్ననే ఉంచింది.

2011 డిసెంబరులో బెర్లిన్ సదస్సులో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రమాదాన్ని చూపారు. ఒకే హ్యాష్ వచ్చే కీలను కావాలని వేలకొద్దీ పంపితే, ప్రతి కొత్త కీనీ పాతవాటితో పోల్చలేక సర్వరు చతికిలబడుతుంది. 2012 నాటి పైథాన్ 3.3లో స్ట్రింగ్‌ల హ్యాష్‌కు యాదృచ్ఛిక సంఖ్యను జోడించడం అప్రమేయమైంది. 2014లో 3.4 సిప్‌హ్యాష్ అనే హ్యాష్ పద్ధతిని చేపట్టింది. యాదృచ్ఛిక సంఖ్య వల్ల స్ట్రింగ్ కీల వరుస ప్రోగ్రామును నడిపిన ప్రతిసారీ మారసాగింది.

ఆ వరుసకు స్థిరత్వం తెచ్చింది రేమండ్ హెటింగర్ 2012 డిసెంబరులో చేసిన చక్కని ప్రతిపాదన. జతలను చేర్చిన క్రమంలోనే ఒక పట్టికలో పేర్చి, హ్యాష్ గడుల్లో వాటి స్థాన సంఖ్యలను మాత్రమే ఉంచాలన్నాడు. పైథాన్‌కు మరో అమలు రూపమైన పైపై (PyPy) దీన్ని ముందుగా అమలుచేసింది. ఇనాడా నవోకి కృషితో 2016 డిసెంబరులో పైథాన్ 3.6లోకి చేరింది, 3.5తో పోలిస్తే డిక్షనరీల మెమరీ వాడకం 20 నుంచి 25 శాతం తగ్గింది. 2018 జూన్‌లో 3.7తో చేర్చిన క్రమం భాషా నియమమైంది. అయినా సమానత్వ పోలికలో క్రమానికి చోటు లేదు: అవే జతలు ఏ వరుసలో ఉన్నా రెండు డిక్షనరీలూ సమానమే. ఆర్డర్డ్‌డిక్ట్ అనే ప్రత్యేక డిక్షనరీలు రెండింటిని పోల్చేటప్పుడు మాత్రం వరుస కూడా కలవాలి.