తెలుగు విద్యా సాఫ్ట్‌వేర్: దివ్యాంగ విద్యార్థులకు అందుబాటు

చూపు, వినికిడి, కదలిక, అవగాహనల్లో ఇబ్బంది ఉన్న విద్యార్థి కూడా తోటివారు చదివే పాఠాన్నే ఇంకొకరి మీద ఆధారపడకుండా చదవగలిగితే ఆ విద్యా సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉన్నట్టు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో దీని అవసరం పట్టణాల్లో కంటే ఎక్కువే. ఉదయగిరి నుంచి జిల్లా కేంద్రానికి దాదాపు వంద కిలోమీటర్లు. బ్రెయిలీ పుస్తకమైనా, ప్రత్యేక బడి అయినా దూరాభారమే. ఇలాంటి చోట్ల ప్రభుత్వపరంగా దగ్గరి ఆసరా సమగ్ర శిక్ష కింద దివ్యాంగ పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే.

అక్షరం దగ్గరి చిక్కు

చూపు లేనివారు తెర మీది పాఠాన్ని స్క్రీన్ రీడర్ ద్వారా వింటారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ ఉంది. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. దానితో వచ్చే ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. మరగొంతే గాని, అలవాటు పడితే పని జరుగుతుంది.

అసలు చిక్కు గొంతుది కాదు, అక్షరానిది. తెలుగు ముద్రణ రంగం ఏళ్లుగా అను వంటి ఫాంట్లతో డీటీపీ చేస్తోంది. తెర మీద ‘అమ్మ’ కనిపిస్తున్నా ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, పిల్లవాడికి అర్థం లేని గోల వినిపిస్తుంది. ప్రతి అక్షరానికీ సొంత సంకేతమున్న యూనికోడ్‌లో అదే మాట అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతాలుగా నిలుస్తుంది కాబట్టి సరిగ్గా పలుకుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అయినా పాత ఫాంట్ల పీడీఎఫ్‌లు, స్కాన్ చేసిన పేజీలు డిజిటల్ పాఠాల పేరుతో ఇంకా చలామణీ అవుతున్నాయి.

ఫైలు ఏ రకమో తేల్చుకోవడం తేలికే. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే తెలుగే రావాలి. పిచ్చి గుర్తులు వస్తే అది పాత ఫాంటు, ఏమీ రాకపోతే అది ఉత్త బొమ్మ. యూనికోడ్‌తో చేసిన పీడీఎఫ్‌లోనూ ఒక్కోసారి ఒత్తులు చెదిరిపోతాయి. పాఠాన్ని వెబ్ పేజీగానో ఈపబ్‌గానో ఇవ్వడం మేలు.

లెక్కల పాఠాల్లో సమీకరణాలను బొమ్మలుగా అతికిస్తే గొంతు మూగబోతుంది. వాటిని గణిత గుర్తుల కోసమే ఉన్న మ్యాథ్‌ఎంఎల్‌లో రాయాలి. చూపు లేనివారికి సైన్సు ఎందుకన్న ధోరణి ఎంత గట్టిదంటే, మచిలీపట్నం ప్రాంతంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ ఇంటర్‌లో ఆ గ్రూపు కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. పుస్తకాలను ఆడియోగా మార్పించుకుని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చేరారు.

ట్యాబులు, వీడియోలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు అయిదు లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ చేపట్టింది. పరికరం చేతికిస్తే సగం పనే అయినట్టు. ఏ వీడియో పాఠంలోనైనా ‘ఈ బొమ్మ చూడండి’ అని ఊరుకుంటే చూపు లేని పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పాలి. 2017లో వచ్చిన జాతీయ డిజిటల్ పాఠాల వేదిక దీక్షలోని పాఠాలకు పుస్తకంలోని క్యూఆర్ కోడ్ ఒక దారి, కానీ అది పేజీలో ఎక్కడుందో తడిమితే తెలియదు. వినపడని పిల్లలకు తెలుగు క్యాప్షన్లతో పాటు భారతీయ సంజ్ఞాభాష కావాలి. వేళ్లు స్వాధీనంలో లేనివారికి లాగి వదిలే ఆటల బదులు ఒక్కసారి తాకితే చాలనే ఏర్పాటు ఉండాలి.

చట్టం

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ వాటిలో ఉన్నాయి. ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా చూడటం ప్రభుత్వాల బాధ్యతని 42వ సెక్షన్ చెబుతోంది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేయడం చెల్లదని, తప్పనిసరి నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఆ నియమాల కోసం బడి ఎదురుచూడనక్కర్లేదు. కొత్త యాప్ వచ్చిన రోజున ఉపాధ్యాయులు టాక్‌బ్యాక్ పెట్టి, తెర చూడకుండా మొదటి ప్రశ్నకు జవాబు ఇవ్వగలరేమో ప్రయత్నించి చూడాలి.