సర్ సయ్యద్ గారి లండన్ ప్రయాణం – మన జిల్లాల దాకా వచ్చిన ఫలం

మన ఇండ్లలో పిల్లవాడు చదువుకోసమని దూరదేశం పోతున్నాడంటే, గడప దాటే ముందు అమ్మీజాన్ వాని కుడి చేతికి ఇమామ్ జామిన్ కడుతుంది. గుడ్డలో చుట్టిన ఆ పైసలను, క్షేమంగా చేరినాక, ఎవరైనా పేదవానికి ఇచ్చివేయాలి. దారిలో ఏమైనా కావచ్చునని ఆ తల్లికి తెలుసు. రైలు తప్పిపోవచ్చు, సామాను పోవచ్చు, పరాయి ఊళ్లో చేతిలో పైసలు అయిపోవచ్చు.

చదువుకోసం ఇటువంటి కష్టాలు పడ్డ ఒక తండ్రి కథను ఈ సంచికలో మీ ముందు పెట్టదలచుకున్నాను. ఆయన మన ప్రాంతపు మనిషి కాదు. కాని ఆ ప్రయాణపు ఫలం మాత్రం కరీంనగర్, ఆదిలాబాద్ దాకా వచ్చింది. ఎట్లా వచ్చిందో చూడండి.

1869 సంవత్సరం. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు అప్పుడు బెనారసులో కోర్టు ఉద్యోగంలో ఉన్నారు. వయసు 51 ఏండ్లు. ఆయన చిన్న కుమారుడు సయ్యద్ మహమూద్‌కు ఇంగ్లండులో చదువుకొనుటకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ దొరికింది. కొడుకును ఒంటరిగా పంపి ఊరుకోలేదు, తాను కూడా బయలుదేరినారు. అక్కడి విద్యాలయాలు ఎట్లా నడుస్తున్నవో కండ్లారా చూడాలె, తిరిగి వచ్చి ఇక్కడ అటువంటిది కట్టాలె అన్నది ఆయన తపన. స్కాలర్‌షిప్ కొడుకుకే గదా, మిగతా ఖర్చు ఎక్కడిది? ఇల్లు తాకట్టు పెట్టినారు. ఎన్నో ఏండ్లుగా కూడబెట్టిన పుస్తకాలు అమ్మివేసినారు. చదువును ప్రాణంగా చూసుకున్న మనిషి చదువు కోసమే పుస్తకాలు అమ్ముకున్నాడంటే ఆ బాధ ఎంతటిదో ఆలోచించండి.

ఏప్రిల్ 1న బెనారసు విడిచినారు. మొదటి చిక్కు మన దేశంలోనే ఎదురయ్యింది. జబల్‌పూర్ నుండి బొంబాయికి రైలు మార్గం ఇంకా కలువలేదు. అది పూర్తి అయినది 1870 మార్చిలో. కనుక జబల్‌పూర్ నుండి నాగపూర్ దాకా బండ్ల మీద రోడ్డు ప్రయాణం, అక్కడ మళ్లీ రైలు. ఆదిలాబాద్ వాళ్లకు నాగపూర్ రోడ్డు తెలియనిది కాదు. పెన్‌గంగ దాటి పోయే ఆ దారి మన పెద్దలకు ఇంటి దారి వంటిదే.

ఏప్రిల్ 10న బొంబాయిలో ‘బరోడా’ అనే స్టీమరు ఎక్కినారు. రెండవ చిక్కు సూయెజ్ దగ్గర. కాలువ తవ్వకం చివరికి వచ్చింది గాని ఓడలను ఇంకా విడువలేదు. అది తెరిచినది అదే సంవత్సరం నవంబరు 17న. అందుకని ఓడ దిగి, ఈజిప్టు నేల మీద రైలులో అలెగ్జాండ్రియా చేరి, అక్కడ మరొక ఓడ ఎక్కవలసి వచ్చింది. కాని చూడండి, ఆ రెండవ ఓడలోనే కాలువను తవ్వించిన ఫ్రెంచి దొర లెసెప్స్ కూడా ఉన్నాడు. సర్ సయ్యద్ గారు ఆయనతో పరిచయం చేసుకొని మాట్లాడినారు. దారి మళ్లింది గాని ఒక మహా కార్యకర్తను కలిపింది. మే 4న లండన్ చేరినారు.

మరొక ముచ్చట. 1892లో అలీగఢ్ అధ్యాపకుడు మౌలానా షిబ్లీ నోమానీ గారు చరిత్ర గ్రంథాల పరిశోధనకై టర్కీ, ఈజిప్టు దేశాలకు బయలుదేరినారు. ప్రొఫెసర్ ఆర్నాల్డ్ అదే ఓడలో ఉన్నారు. నడి సముద్రంలో ఇంజను చెడిపోయింది. అందరూ గాబరా పడుతుంటే షిబ్లీ గారు పరుగున పోయి చూసినారు. ఆర్నాల్డ్ నిమ్మళంగా కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాడు! ఇదేమని అడిగితే, ఓడ మునిగేదే అయితే మిగిలిన ఈ కొద్ది సమయం మరింత విలువైనది, దాన్ని వృథా చేయడం తెలివి కాదు అన్నాడట. కొన్ని గంటలకు ఇంజను బాగై ఓడ కదిలింది. ఈ సంగతి షిబ్లీ గారే తన యాత్రా గ్రంథంలో రాసుకున్నారు. తరువాత 1901 నుండి 1905 దాకా ఆయన హైదరాబాదులో నౌకరీ చేసినారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సర్ సయ్యద్ గారు 1870లో తిరిగి వచ్చినారు. 1875లో అలీగఢ్‌లో బడి, 1877లో కాలేజీకి పునాది. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన మహమూద్ 1887లో అలహాబాదు హైకోర్టు జడ్జి అయినాడు. ఆయన కుమారుడు రాస్ మసూద్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివినాడు. ఆ రాస్ మసూద్ గారే 1916లో హైదరాబాదు సంస్థానానికి విద్యాశాఖ డైరెక్టరుగా వచ్చి 1928 దాకా పని చేసినారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపనలో ఆయన కృషి ముఖ్యమైనది.

ఇది మన జిల్లాలకు ఎట్లాంటి మేలో తెలుసా? హైదరాబాదుకు 1874లోనే వాడి మీదుగా రైలు వచ్చింది గాని, కాజీపేట–బల్లార్షా లైను 1920ల చివరలో గాని పూర్తి కాలేదు. అంతకు ముందు మన పిల్లవాడు రైలు ఎక్కాలంటేనే వరంగల్ దిక్కు బండి కట్టాలె. లండను మాట దేవుడెరుగు! అటువంటి పిల్లలకు పెద్ద చదువు ఉర్దూలోనే, మన రాజధానిలోనే దొరికింది. తాత ఓడ ఎక్కితే, మనుమని చేతి మీదుగా మన పిల్లలకు సముద్రం దాటే పని తప్పింది.

నేటి పిల్లలు శంషాబాదులో విమానం ఎక్కి ఒక్క రోజులో చేరుతున్నారు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు విదేశీ చదువుల స్కాలర్‌షిప్ కూడా ప్రవేశపెట్టింది. అయినా నిర్మల్‌లోనో జగిత్యాలలోనో ఇల్లు తాకట్టు పెట్టే తండ్రి ఇప్పటికీ ఉన్నాడు. మధ్యలో విమానం తప్పినా, పెట్టె రాకపోయినా, చేతిలో డబ్బు లేక దిక్కులు చూసే పిల్ల ఇప్పటికీ ఉన్నది. అప్పుడు ఫోను చేస్తే పలికే ఒక పెద్దమనిషి, మొదటి నెల గడిపే సహాయం, ఇంత ఉంటే చాలు.

మన సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. పోయే పిల్లలకు దారి ఖర్చు గురించి ముందే నాలుగు మాటలు చెప్పండి. చేరినవాళ్లు వెనుక వచ్చేవాళ్లను మరువకండి. చేతికి కట్టిన ఆ పైసలు చేరినాక ఇంకొకరికి ఇయ్యాలనే గదా మన అమ్మలు చెప్పింది.