గాజుపాత్రలో పిండం: ఐర్లండ్ నలభయ్యేళ్ల తర్జనభర్జన

ఐవీఎఫ్ చేయించుకునే దంపతులని డాక్టర్లు ఇప్పుడు తరచుగా అడిగే మాట ఒకటుంది: "పిండాన్ని గర్భాశయంలో పెట్టేముందు క్రోమోజోముల పరీక్ష చేయిద్దామా?" వినడానికి రక్తపరీక్షంత మామూలుగా ఉంటుంది. కానీ ఐర్లండ్‌లో ఈ మాట అడగాలంటే ముందు ఇంకో ప్రశ్న తేలాల్సి వచ్చింది. గాజుపాత్రలో ఉన్న అయిదు రోజుల పిండం చట్టం దృష్టిలో ఏమిటి?

ముందు పరీక్ష సంగతి చెప్తాను. మనిషి కణంలో మామూలుగా 46 క్రోమోజోములుంటాయి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా చాలాసార్లు పిండం అతుక్కోదు, లేదా గర్భం నిలవదు. 21వ క్రోమోజోము మూడుంటే డౌన్ సిండ్రోమ్. తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ తేడాలూ పెరుగుతాయి. అందుకని అయిదారు రోజుల పిండంలో, తర్వాత మాయగా మారే పైపొర నుంచి కొన్ని కణాలు తీసి లెక్క చూస్తారు. 1990లో లండన్‌లోని హామర్‌స్మిత్ హాస్పిటల్లో అలన్ హాండీసైడ్ బృందం పిండ పరీక్షకి దారి తెరిచింది. ఎక్కువగా మగపిల్లలకే వచ్చే కొన్ని వంశపారంపర్య జబ్బులున్న కుటుంబాల కోసం వాళ్లు అప్పుడు చూసింది పిండం ఆడా, మగా అని.

లండన్ నుంచి డబ్లిన్‌కి విమానంలో గంట పైచిలుకు. కానీ చట్టాల మధ్య దూరం చాలా ఎక్కువ. 1983లో ప్రజలు ఓటేసి రాజ్యాంగంలో చేర్చిన ఎనిమిదో సవరణ, పుట్టబోయే బిడ్డ ప్రాణానికి తల్లి ప్రాణంతో సమానమైన హక్కు ఇచ్చింది. "పుట్టబోయే బిడ్డ" అనేది ఎప్పుడు మొదలవుతుందో మాత్రం అందులో రాయలేదు. ఫలదీకరణ జరిగిన అండాన్ని కావాలని నాశనం చేయకూడదని 1998 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెప్పింది. పరీక్ష చేయడమంటే కొన్ని పిండాలని పక్కన పెట్టడమే. చిక్కంతా అక్కడే.

2000లో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. గర్భాశయంలో పెట్టేదాకా పిండానికి చట్టరక్షణ అక్కర్లేదని, తీవ్రమైన జన్యువ్యాధుల విషయంలో నియంత్రణతో పిండ పరీక్షని అనుమతించవచ్చని 2005లో అది సిఫారసు చేసింది. చట్టం మాత్రం రాలేదు. ఈలోగా విడిపోయిన ఒక జంట తాలూకు మూడు ఫ్రీజ్ చేసిన పిండాల తగాదా సుప్రీం కోర్టుకెక్కింది. భార్య వాటిని వాడుకుంటానంది, భర్త ఒప్పుకోలేదు. గర్భాశయం బయట ఉన్న పిండం ఆ సవరణ కిందకి రాదని 2009 డిసెంబరులో కోర్టు తేల్చింది. మరి అది ఏ చట్టం కిందకి వస్తుందో చెప్పాల్సింది పార్లమెంటే అంది.

2012లో గాల్వేలో సవిత హలప్పనవర్ చనిపోవడం మనవాళ్లకి బాగా గుర్తే. 2018లో ప్రజలే ఎనిమిదో సవరణని తీసేశారు. పిండ పరీక్షకి నియమాలు పెట్టే చట్టం మీద సంతకం పడింది 2024 జులైలో. ఒక లింగానికే వచ్చే తీవ్రమైన జబ్బుని తప్పించడానికి తప్ప, ఆడా మగా ఎంచుకోవడం అందులో నిషిద్ధం. మన దేశపు 1994 చట్టం తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు.

చట్టం తేలింది. పరీక్ష చెప్పేదంతా తేలినట్టేనా? 2007లో నెదర్లాండ్స్‌లో 35–41 ఏళ్ల 408 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, అప్పటి పద్ధతిలో పరీక్ష చేయించుకున్నవాళ్లలోనే గర్భాలు తక్కువగా నిలిచాయి. పద్ధతులు తర్వాత చాలా మెరుగయ్యాయి. అయినా 2015లో ఇటలీ డాక్టర్లు ఇంకో సంగతి బయటపెట్టారు. కొన్ని కణాల్లో మాత్రమే తేడా ఉన్న పిండాలని 18 మంది స్త్రీలలో పెడితే, ఆరుగురు ఆరోగ్యమైన పిల్లలు పుట్టారు. పరీక్ష "తేడా" అన్న పిండాలే అవి.

పాత ఐరిష్ నియమం ఎన్నో జంటలని ఇబ్బంది పెట్టింది, అది పోవడమే మంచిదని నా అభిప్రాయం. కానీ పక్కన పెట్టేది సరైనదేనా అన్న దాని సందేహం మాత్రం పోలేదు. కోర్టు నుంచి దంపతుల చేతిలోని రిపోర్టులోకి మారిందంతే. ఆ కాగితం అందుకున్నవాళ్లు డాక్టర్‌ని ఒక్కటి తప్పకుండా అడగాలి: తేడా అన్ని కణాల్లోనా, కొన్నిట్లోనేనా?