రేపటికంటే ఒక మెట్టు కింద: అమెరికా పెళ్లి ముందురాత్రి విందులో మగవారి బట్టల కథ

అమెరికాలో చర్చి పెళ్లికి ముందురోజు సాయంత్రం ఒక తతంగం ఉంటుంది. పెళ్లికూతురు తండ్రి చెయ్యి పట్టుకుని ఎంత నెమ్మదిగా నడవాలి, తోడు పెళ్లికొడుకులు ఏ వరసలో నిలబడాలి, ఉంగరం ఎవరి జేబులో ఉండాలి అన్నవన్నీ పాస్టరు ఒకసారి నడిపించి చూస్తాడు. మన పెళ్లిళ్లకు ఈ అవసరం రాదు. పీటల మీద కూర్చున్నాక పురోహితుడు చెబుతూ పోతాడు, మనం చేస్తూ పోతాం. చర్చి పెళ్లిలో ఎలా నడవాలో ఎక్కడ నిలబడాలో అలా మధ్యలో అందించే మనిషి ఉండడు కనుక ముందే సాధన చేసుకుంటారు. అది ముగిశాక అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు. అదే రిహార్సల్ డిన్నర్. పెళ్లి ఖర్చంతా ఆడపెళ్లివారు పెట్టుకునే సంప్రదాయంలో ఈ ఒక్క విందూ మగపెళ్లివారు ఇవ్వడం ఆనవాయితీ.

ఈ విందుకు ఆడవాళ్లు ఏం కట్టుకోవాలో తేల్చుకోవడం ఒక ఎత్తయితే, మగవాళ్ల చిక్కు మరొకటి. రేపు వేసుకోబోయేది ఈ రాత్రే వేసుకుంటే రేపటి ముచ్చట తీరిపోతుంది. రోజూ ఆఫీసుకు వేసుకునేది వేసుకుంటే పిలిచినవాళ్లకు చిన్నతనం. నూటయాభై ఏళ్లుగా ఈ చిక్కుకు అమెరికా మగవారు వెతుక్కున్న జవాబులు చూస్తే బట్టలు మారాయి గానీ లెక్క మారలేదనిపిస్తుంది. ఆ రాత్రి బట్ట ఎప్పుడూ పెళ్లి బట్టకంటే ఒక మెట్టు కిందే ఉంది. పెళ్లి బట్ట కిందికి దిగిన ప్రతిసారీ అదీ దిగింది.

తోకలు తెగిన కోటు

పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో కలవారి ఇళ్లలో రాత్రి విందు అంటే మగవారికి తోకకోటే. ముందు నడుము దాకా కత్తిరించి, వెనక మోకాళ్ల దాకా రెండు పాయలుగా వేలాడే నల్లకోటు, గంజి పెట్టిన తెల్ల చొక్కా, తెల్ల బో టై. దీన్నుంచి తప్పించుకునే దారి ఇంగ్లండులో అప్పటికే దొరికింది. లండన్ సావిల్ రోలోని హెన్రీ పూల్ దర్జీలు 1865లో వేల్స్ యువరాజుకు, అంటే తర్వాతి ఏడో ఎడ్వర్డుకు, ఇంటి విందుల్లో వేసుకోవడానికి తోకలు లేని పొట్టికోటు కుట్టి ఇచ్చారని ఆ సంస్థ చెప్పుకుంటుంది. ఇక అమెరికా సంగతి. న్యూయార్కుకు ఉత్తరాన టక్సీడో పార్కు అనే సంపన్నుల కాలనీ ఉంది. అక్కడి క్లబ్బులో 1886 అక్టోబరులో తొలి శరత్కాల నృత్యోత్సవం జరిగింది. ఆ కాలనీని కట్టించిన పియర్ లోరిలార్డ్ కొడుకు గ్రిస్‌వోల్డ్, తన స్నేహితులతో కలిసి తోకల్లేని కోటు, ఎర్రటి వెయిస్ట్‌కోటు వేసుకుని అక్కడికి వచ్చాడు. పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. ఆ కోటుకు ఊరి పేరే నిలిచిపోయింది.

ముప్పై ఆరేళ్లు తిరిగేసరికి ఆ ఆకతాయి కోటే మర్యాదకు కొలమానం. 1922లో ఎమిలీ పోస్ట్ వెలువరించిన మర్యాదల గ్రంథం ప్రకారం పెద్దమనిషికి సాయంత్రాలు దాదాపు ప్రతిచోటా టక్సీడో చాలు. తోకకోటు బాల్ నృత్యాలకూ పెద్ద విందులకూ ఒపేరాలో బాక్సు సీటుకూ పరిమితం. పగటి పెళ్లిలో వరుడు వేసుకోవలసింది ముందు భాగం ఏటవాలుగా కోసిన కటవే కోటు, చారల ప్యాంటు. తోడు పెళ్లికొడుకులకు టైలూ చేతి తొడుగులూ కోటుకు పెట్టుకునే పువ్వూ వరుడే ఇవ్వాలి. ఆ పుస్తకంలో చర్చి రిహార్సల్ ఉంది. అందులో పెళ్లికూతురు తాను నడవకూడదు, అశుభం. ఆమె బదులు మరొకరు నడుస్తుంటే ఆమె పక్కన నిలబడి చూడాలి. నేటి రిహార్సల్ డిన్నర్ మాత్రం అప్పటికింకా కుదురుకోలేదు. దాని చోటులో ఉన్నది వరుడు తన మిత్రులకిచ్చే బ్యాచిలర్ విందు. మగవాళ్లే కూర్చునే బల్లకు టక్సీడో సరిపోయేది. పెళ్లికూతురి పేర తాగిన గాజు గ్లాసు మరో పేరుకు పనికిరాకూడదని కాడ విరిచేయడం ఆ విందుల ముచ్చట.

ఈ ముచ్చట చాలాకాలం బతికింది. 1953 సెప్టెంబరులో న్యూపోర్టులో జాన్ కెనడీ, జాక్వెలిన్ బూవియేల పెళ్లి జరిగింది. ముందు జరిగిన విందులో కెనడీ కాబోయే భార్య పేర గ్లాసు ఎత్తి, తాగాక గ్లాసులన్నీ పొయ్యి గూట్లోకి విసిరేయించాడని చెప్పుకుంటారు. తోడు పెళ్లికొడుకులకు అతనిచ్చిన కానుక పేర్ల పొడి అక్షరాలు వేయించిన బ్రూక్స్ బ్రదర్స్ గొడుగులు. పెళ్లినాడు వరుడు వేసుకున్నది పాత పద్ధతి మార్నింగ్ కోటే, అంటే ఆ కటవేనే.

సూటు దగ్గరికి, సూటు నుంచి

పై మెట్టు కదలడానికి రెండో ప్రపంచ యుద్ధం తోడైంది. 1942లో యుద్ధోత్పత్తి బోర్డు ఉన్ని ఆదా కోసం మగవారి సూట్లకు కత్తెర వేసింది. ప్యాంటు అంచు మడత పోయింది, డబుల్ బ్రెస్ట్ కోటుతో వెయిస్ట్‌కోటు పోయింది, రెండో ప్యాంటు పోయింది. సెలవు దొరికిన రెండు మూడు రోజుల్లో పెళ్లి చేసుకున్న సైనికుడికి యూనిఫారమే పెళ్లిబట్ట. యుద్ధం ముగిశాక అటు కటవేకూ ఇటు టక్సీడోకూ తిరిగి వెళ్లినవాళ్లు ఉన్నారు. మధ్యతరగతి మాత్రం ముదురు రంగు సూటుకు అలవాటుపడింది. పెళ్లికి టక్సీడో అద్దెకు తెచ్చుకుంటే ముందురాత్రికి సొంత సూటు. పెళ్లికే సూటు వేసుకుంటే ముందురాత్రికి నీలం బ్లేజరు. లెక్క అదే.

బ్లేజరు కేంబ్రిడ్జిలో పడవ పందేల క్లబ్బుల కోటు. దాని కింద వేసుకున్న ఖాకీ ప్యాంటు సైన్యంది. 1944లో వచ్చిన జీఐ బిల్లు సైన్యం నుంచి వచ్చినవాళ్లకు చదువు ఖర్చు ఇచ్చింది. వాళ్లతోపాటు ఖాకీలూ కాలేజీ క్లాసుల్లోకి వచ్చాయి. బ్రూక్స్ బ్రదర్స్ 1896 నుంచి అమ్ముతున్న, కాలరు అంచుకు గుండీలున్న చొక్కా పైకి చేరింది. ఈ కాలేజీ వేషాన్ని 1965లో జపానువాళ్లు టేక్ ఐవీ అనే ఫోటో పుస్తకంగా వేశారు. నేటికీ రిహార్సల్ డిన్నర్లో చాలామంది మగవాళ్లు ఈ కూర్పులోనే కనిపిస్తారు.

దక్షిణ రాష్ట్రాల ఎండకు మరో దారి దొరికింది. న్యూ ఓర్లీన్సులో జోసెఫ్ హాస్పెల్ 1909 నుంచి సీర్‌సకర్ నూలుతో సూట్లు కుట్టించాడు. గట్లుగట్లుగా ముడుచుకుని ఉండే ఆ బట్ట ఒంటికి అంటుకోదు, ఇస్త్రీ అడగదు. 1946లో ఫ్లోరిడాలో ఒక సమావేశానికి వెళ్లిన హాస్పెల్ సూటుతోనే సముద్రంలోకి మెడలోతు దిగి, బయటికొచ్చి దాన్ని ఆరేసి, ఆ రాత్రి విందుకు అదే సూటు వేసుకొచ్చాడని ఆ కుటుంబం కథ. నేటికీ దక్షిణాది పెళ్లి ముందురాత్రి, ఎండాకాలమైతే, నీలం తెలుపు చారల సీర్‌సకర్ తప్పక కనబడుతుంది.

మన మగ్గాల నుంచి వచ్చిన గళ్ల కోటు

మరో వేసవి కోటు మన తీరం నుంచే వెళ్లింది. మద్రాసు రేవు నుంచి గళ్ల రుమాళ్ల ఎగుమతి శతాబ్దాల నాటిది. పశ్చిమాఫ్రికాకు వెళ్లిన ఆ రుమాళ్లను చీరాల ప్రాంతపు మగ్గాల మీదా నేశారు. 1958లో విలియం జాకబ్సన్ అనే అమెరికా దిగుమతిదారు ఆ గళ్ల బట్టను కెప్టెన్ కృష్ణన్ నాయర్ దగ్గర కొన్నాడు. చల్లటి నీళ్లలో మెల్లగా ఉతకాలని నాయర్ హెచ్చరించాడు. ఆ మాట కొనుగోలుదారుల దాకా చేరలేదు. బ్రూక్స్ బ్రదర్స్ కుట్టిన కోట్లు మామూలుగా ఉతికేసరికి రంగులు కారాయి, తగాదా మొదలైంది. చివరికి రంగు కారడమే దీని గొప్ప అని ప్రకటనలు వేసి గట్టెక్కారని నాయర్ చెప్పేవాడు. ఉతికినకొద్దీ గళ్లు ఒకదాంట్లోకొకటి మెత్తగా కలిసిపోయే ఆ కోటు కాలేజీ కుర్రాళ్ల మోజైంది. ఆ నాయరే తర్వాత లీలా హోటళ్లు పెట్టాడు.

టై విప్పిన కాలం

1961లో కెనడీ ప్రమాణ స్వీకారానికి మార్నింగ్ కోటు, టాప్ హ్యాట్ తెచ్చుకున్నాడు. 1977లో జిమ్మీ కార్టర్ మామూలు సూటుతో ప్రమాణం చేసి వీధిలో నడిచి వెళ్లాడు. దేశాధ్యక్షుడి గౌరవపు బట్టే అన్ని మెట్లు దిగాక పెళ్లి విందు ఎక్కడ ఆగుతుంది? హవాయిలో 1966లో శుక్రవారాలు పూల చొక్కాలు వేసుకునే ఆచారం మొదలై పడమటి తీరానికి పాకింది. 1986లో లీవైస్ డాకర్స్ ప్యాంట్లు తెచ్చింది. 1992లో ఆఫీసులో సాదా బట్టలు ఎలా వేసుకోవాలో చెప్పే చిన్న పుస్తకాన్ని వేలాది కంపెనీల సిబ్బంది అధికారులకు పంపింది. రోజువారీ నుంచి టై వెళ్లిపోయాక పెళ్లి ముందురాత్రి నుంచీ వెళ్లిపోయింది. నేటి ఆహ్వానాల్లో కాక్‌టెయిల్ అని ఉంటే సూటు, స్మార్ట్ క్యాజువల్ అని ఉంటే బ్లేజరు, తెరిచిన కాలరు, తోలు లోఫర్లు. వరుడు మాత్రం సాధారణంగా అందరికంటే అర మెట్టు పైన.

మెట్లు తలకిందులైన చోట

1965 వలస చట్టం తర్వాత అమెరికా చేరిన తెలుగువాళ్లు తమ సంఘాలు కట్టుకున్నారు. 1977లో తానా మొదలైంది. వాళ్ల పిల్లలు పెళ్లీడుకొచ్చేసరికి, శనివారం పెళ్లికి ముందు వచ్చే శుక్రవారం రాత్రి విందుకు కొత్త రూపం వచ్చింది. ఒక వైపు తెలుగువారు, మరో వైపు అమెరికన్లు అయిన పెళ్లిలో రిహార్సల్ డిన్నరూ ఉత్తరాది నుంచి మనం తెచ్చుకున్న సంగీత్ కూడా ఒకే హోటల్ హాల్లో కలిసిపోతాయి. అక్కడ మగవారిలో ఎక్కువగా కనిపించేది కుర్తా, పైన చేతుల్లేని నెహ్రూ జాకెట్టు. ఆ కాలరు అక్కడివారికి కొత్త కాదు. 1968లో టీవీ హోస్టు జానీ కార్సన్ వేసుకుంటే దేశం ఎగబడి కొంది, ఏడాది రెండేళ్లలో బీరువాలో పడేసింది.

ఇక్కడ పాత లెక్క ఒక్కసారి తడబడుతుంది. అమెరికా నిచ్చెనలో పైకి వెళ్లేకొద్దీ కుట్టుపని పెరుగుతుంది, పట్టు కాలరు, గంజి చొక్కా, లోపలి లైనింగు చేరతాయి. మన ముహూర్తంలో వరుడి అత్యున్నత వేషం దర్జీ చెయ్యి పడని పట్టుపంచె, ఉత్తరీయం. కుట్టిన బట్ట ఎంత ఖరీదైనా పీటల దగ్గర దానికంటే కిందే. అందుకే శుక్రవారం వరుడు అద్దాల పనితనం ఉన్న కుర్తా వేసుకున్నా శనివారం పంచెకు పోటీ రాదు. శనివారం సాయంత్రం రిసెప్షన్‌కు షేర్వాణీ దాచుకున్నవాడు మాత్రం దాని జోలికి ముందురాత్రి పోడు.

కనుక పిలుపు అందిన మగవాడు బీరువా తెరవకముందు వరుణ్ణి అడగవలసింది రేపు నువ్వేం వేసుకుంటున్నావని. పంచె అన్నా టక్సీడో అన్నా సాదా సూటు అన్నా, ఆ జవాబుకు ఒక మెట్టు కింద ఆగడం చాలు. ఆ మెట్టు ఏ బట్టతో కట్టారన్నది కాలాన్ని బట్టి, తీరాన్ని బట్టి మారుతుంది. పక్కవాడి పెళ్లిలో మనం రెండోవాళ్లమని ఒప్పుకోవడం మాత్రం లోరిలార్డు కాలం నుంచీ మారలేదు. ఆ మాటకొస్తే లోరిలార్డు ఎర్ర వెయిస్ట్‌కోటుతో దిగింది కూడా క్లబ్బు నాట్యానికే, పెళ్లికి కాదు.