బాలగ్రంథాలయములు - పృచ్ఛకసేవ

“జ్ఞా” ధాతువునకు ఇచ్ఛార్థమున సన్ప్రత్యయము చేర “జిజ్ఞాస” యేర్పడుచున్నది. తెలిసికొనవలెనను కోరిక యని దాని యర్థము. ఈ కోరిక బాలురయందు మిక్కిలి తీవ్రమైనను గ్రంథాలయములు చిరకాలము దానిని మన్నింపలేదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలోని పెక్కు పౌరగ్రంథాలయములు 12 లేక 14 ఏండ్లు నిండనివారికి పుస్తకము లీయకుండెను.

1876లో ఫిలడెల్ఫియా నగరమున గ్రంథాలయాధికారుల మహాసభ జరిగెను. వూస్టరు గ్రంథాలయమునకు చెందిన సామ్యూల్ స్వెట్ గ్రీన్ అచట నొక వ్యాసమును సమర్పించెను. పాఠకుని ప్రశ్నను ఆదరముతో విని, తగిన గ్రంథమును చూపుట గ్రంథాలయాధికారి ధర్మమనియు, అట్లు సాయపడుచునే పాఠకునకు స్వావలంబనము నేర్పవలెననియు నందు ప్రతిపాదించెను. పృచ్ఛకసేవాచరిత్రమున కిది మూలముగా నెన్నబడుచున్నది.

ఈ ధర్మము బాలురకును వర్తించుటకు మరికొంతకాలము పట్టెను. హార్ట్‌ఫర్డునందలి కరొలిన్ హ్యూయిన్స్ 1882లో బాలురకు తగిన గ్రంథముల పట్టికను ప్రకటించెను. 1890లో బ్రూక్‌లైన్ గ్రంథాలయము బాలురకై పఠనమందిరమును తెరచెను. 1896లో బ్రూక్లిన్ నగరమునందలి ప్రాట్ విద్యాసంస్థ తన నూతనగ్రంథాలయభవనమున బాలురకై ప్రత్యేకముగా నొక మందిరము నిర్మించెను. దానిని నిర్వహించిన ఆన్ కరోల్ మూర్ 1906లో న్యూయార్కు పౌరగ్రంథాలయ బాలశాఖకు అధ్యక్షురాలయ్యెను.

అయినను మందిరము వేరు, సేవ వేరు. అవధానసభలో పృచ్ఛకుడు పరీక్షించుట కడుగును. బాలుడు తెలియుట కడుగును. బాలుని ప్రశ్న తరచుగా అసంపూర్ణము. “పక్షుల పుస్తకము” కావలెనను బాలునకు నిజముగా కావలసినది గిజిగాడు గూడల్లు విధము కావచ్చును. వ్యాఖ్యాత సూత్రమునకు అధ్యాహారము చేసినట్లు, గ్రంథాలయాధికారి మృదువుగా మరల ప్రశ్నించి ఆ లోపమును పూరింపవలెను. పిమ్మట ఉత్తరమును చెప్పివేయక, విషయసూచికను చూచువిధము నేర్పవలెను.

భారతదేశమున ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయశాస్త్రమునకు పంచసూత్రములను ప్రకటించెను. ప్రతిపాఠకునకును తగిన గ్రంథము లభింపవలెనని ద్వితీయసూత్రాశయము. అందలి పాఠకశబ్దమునకు వయోనియమము లేదు. కావున బాలుని విడుచుట సూత్రవిరుద్ధము. 1914లో విజయవాడయందు సంఘరూపము దాల్చిన ఆంధ్రగ్రంథాలయోద్యమము పఠనమును ఊరూరికి చేర్చ యత్నించెను. ఊరికి చేరిన గ్రంథము ఆ యూరి బాలుని ప్రశ్నకును అందినప్పుడే ఆ కృషి సఫలము. సిద్ధోత్తరముతో ప్రశ్న ముగియును. మార్గము చూపినచో జిజ్ఞాస నిలుచును.