మాడిసన్ స్క్వేర్ గార్డెన్: ఒక పేరు, నాలుగు భవనాలు

ఈ భాగంలో మీరు న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ చరిత్రను చదువుతారు. పేరులో 'గార్డెన్' ఉన్నా అది తోట కాదు. బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ, బాక్సింగ్, సంగీత కచేరీలు, సభలు అన్నీ జరిగే క్రీడాప్రాంగణం. అక్కడ ఎవరు గెలిచారు, ఎవరు పాడారు అన్నవి మనకు ముఖ్యం కావు. ప్రజలు గుమిగూడే ఇలాంటి చోటు కోసం నగరం ఏమి వదులుకుంది? ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని చదవండి.

మొదటి గార్డెన్ ఒక పాత రైలు డిపో స్థలంలో ఉండేది. పక్కనే మాడిసన్ స్క్వేర్ ఉన్నందున 1879లో దానికి ఆ పేరు పెట్టారు. 1890లో అదే చోట వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్ రూపొందించిన రెండవ భవనం వెలిసింది. 1925లో దానినీ కూల్చివేశారు. ఆ స్థలంలో ఒక జీవిత బీమా సంస్థ కార్యాలయం కట్టుకుంది. అదే ఏడాది మూడవ గార్డెన్‌ను ఎనిమిదవ అవెన్యూలో కట్టారు. మాడిసన్ స్క్వేర్ దూరమైంది, పేరు మాత్రం వెంట వచ్చింది. అప్పటికే ఆ పేరుకు వ్యాపార విలువ ఏర్పడిందని గ్రహించండి.

ఒక్క ఆటనే నమ్ముకుంటే ఇంత పెద్ద భవనం చాలా రోజులు ఖాళీగా ఉంటుంది. అందుకే హాకీ మంచు గచ్చు మీదే చెక్క పలకలు పరచి బాస్కెట్‌బాల్ ఆడిస్తారు. వేదికగా కూడా అది అందరిదీ. 1939 ఫిబ్రవరి 20న నాజీ సానుభూతిపరులు సుమారు 20,000 మందితో అక్కడ సభ జరిపారు. 1971 ఆగస్టు 1న నాలుగవ భవనంలో పండిట్ రవిశంకర్, జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం కచేరీలు చేశారు.

ఆ నాలుగవ భవనం 1968లో ప్రారంభమైంది. దాని స్థలంలో అంతకుముందు 1910 నాటి పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ ఉండేది. ఎత్తైన రాతి స్తంభాలతో అది నగరానికే వన్నె తెచ్చింది. కార్లు, విమానాలు పెరిగి రైల్వే కంపెనీ నష్టాల్లో పడింది. స్టేషన్ పైభాగాన్ని కూల్చి, ఆ చోటును నిర్మాణానికి ఇచ్చి ఆదాయం పొందాలనుకుంది. 1962లో వాస్తుశిల్పులు వీధిలో నిరసన తెలిపారు. ప్రైవేటు ఆస్తిని యజమాని కూల్చకుండా ఆపే చట్టం ఆనాడు నగరానికి లేదు. 1963లో కూల్చివేత మొదలైంది. రైళ్లు మాత్రం నేటికీ ఆ భవనం కిందనే నడుస్తున్నాయి. ప్రయాణికులు పల్లపు పైకప్పుల కింద, ఇరుకు దారుల్లో నడుస్తున్నారు.

ఈ నష్టం వృథా కాలేదు. 1965లో న్యూయార్క్ చారిత్రక కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది. 1978లో సుప్రీంకోర్టు దానిని సమర్థించడంతో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నిలిచింది. 1963లో గార్డెన్‌కు 50 ఏళ్ల అనుమతి ఇచ్చిన నగరం, 2013లో పదేళ్లకే, 2023లో ఐదేళ్లకే ఇచ్చింది. కింద ఉన్న స్టేషన్ అవసరాలే ఇందుకు ప్రధాన కారణం.

కాబట్టి గార్డెన్‌ను నేరస్థురాలిగా చూడనవసరం లేదు. దివాలా దిశగా వెళ్తున్న కంపెనీ, చట్టం లేని నగరం, వినోదం కోరే జనం కలిసి తీసుకున్న నిర్ణయమది.

అభ్యాసం: మీ ఊరి స్టేడియం లేదా సభా మైదానం ఉన్న చోట అంతకుముందు ఏముండేదో పెద్దలను అడిగి తెలుసుకోండి. దానివల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరు ఏమి కోల్పోయారు? పది వాక్యాలలో రాయండి.