యుద్ధకాలపు మైత్రి, శాశ్వత శాసనం: మెసొపొటేమియాలో బ్రిటిష్ పాలన – తెగల నాయకులు (1914–1920)

ఉపోద్ఘాతం

1914 నవంబరులో భారత ప్రభుత్వం పంపిన సైన్యం పర్షియన్ సింధుశాఖ ఉత్తర కొసనున్న ఫావ్ వద్ద దిగి, ఆ నెలలోనే బస్రాను వశపరచుకొంది. ఒట్టొమన్ సామ్రాజ్యంలో భాగమైన మెసొపొటేమియా, అంటే నేటి ఇరాక్, ఆక్రమణ ఆ విధంగా ప్రారంభమైంది. ఉత్తరానికి సాగేకొద్దీ ఆ సైన్యానికి నదీమార్గాల భద్రత, ధాన్యం, పశుగ్రాసం, కూలీలు, శత్రువు కదలికల సమాచారం అవసరమయ్యాయి. ఇవన్నీ టైగ్రిస్, యూఫ్రటీస్ తీరాల అరబ్బు తెగల సహకారంపై ఆధారపడినవే. ప్రతి గ్రామంలో సైనికులను నిలపడం సాధ్యం కానందున బ్రిటిష్ అధికారులు షేక్‌లను ఆశ్రయించారు.

ఇక్కడ 'తెగ' అన్న మాటను మన 'గిరిజన' శబ్దానికి పర్యాయంగా గ్రహించరాదు. ఎడారిలో సంచరించే ఒంటెల కాపరులు, చిత్తడి నేలల నివాసులు, వరి పండించే రైతులు అందరూ ఈ తెగల్లో ఉన్నారు. యుద్ధావసరం కోసం చేసుకొన్న ఏర్పాటు షేక్‌ల విధేయతను కొనడంతో ఆగక, షేక్ అనే అధికారస్థానాన్నే పునర్నిర్మించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఇరుపక్షాల పోటీ

తెగల మద్దతు కోసం బ్రిటిష్ వారు మాత్రమే ప్రయత్నించలేదు. 1914 నవంబరులో ఒట్టొమన్ ప్రభుత్వం జిహాద్ ప్రకటించింది. నజఫ్, కర్బలా నగరాల షియా మతపెద్దలు కూడా దానికి మద్దతునిచ్చారు. 1915 ఏప్రిల్‌లో బస్రా సమీపాన జరిగిన షైబా యుద్ధంలో వేలాది తెగల యోధులు ఒట్టొమన్ పక్షాన నిలిచి, ఓటమి తరువాత చెదిరిపోయారు. ముంతఫిఖ్ నాయకుడు అజైమీ అల్ సాదూన్ మాత్రం చివరివరకు ఒట్టొమన్ పక్షాన్ని వీడలేదు.

బ్రిటిష్ పక్షాన ఈ వ్యవహారాలకు సర్ పెర్సీ కాక్స్ సారథ్యం వహించాడు. ఒక్కొక్క నాయకుడికి ఇవ్వజూపినది ఒక్కొక్కటి. కువైట్ పాలకుడు ముబారక్‌కు రక్షణ హామీతోపాటు ఫావ్ ప్రాంతంలోని అతని ఖర్జూర తోటలకు పన్ను మినహాయింపు లభించింది. 1915 డిసెంబరు 26న కుదిరిన ఒప్పందం ఇబ్న్ సౌద్‌ను నజ్ద్ పాలకుడిగా గుర్తించింది. తరువాత అతనికి నెలకు 5,000 పౌండ్ల భృతి ఏర్పాటైంది. 1917 మార్చిలో బాగ్దాద్ పతనమైన తరువాత, పశ్చిమ ఎడారి మార్గాలపై పట్టున్న అనిజా నాయకుడు ఫహద్ బేగ్ కూడా భృతి స్వీకరించి బ్రిటిష్ వైపు వచ్చాడు.

ఈ నాయకులను కేవలం లంచానికి లొంగినవారుగా చిత్రించడం చరిత్రను సరళీకరించడమే. గెలిచేదెవరో తేలని కాలంలో ఉభయపక్షాలతో సంబంధం నిలుపుకోవడం వారికి ఆత్మరక్షణ మార్గం. 1916 ఏప్రిల్ 29న కూత్ వద్ద బ్రిటిష్ సేన లొంగిపోయిన తీరును చూసినవారికి ఆ జాగ్రత్త సహజమైనదే.

బలూచిస్తాన్ నమూనా

భృతి కంటే గాఢమైన ప్రభావం చూపింది చట్టం. భారత వాయవ్య సరిహద్దులో రాబర్ట్ శాండెమన్ 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఒక పద్ధతిని నెలకొల్పాడు. తెగ పెద్దకు భృతి, గౌరవం కల్పించి, శాంతిభద్రతల బాధ్యతను అతనికే అప్పగించడం దాని సారాంశం. బలూచిస్తాన్‌లో పనిచేసిన హెన్రీ డాబ్స్ బస్రాలో రెవెన్యూ అధికారిగా ఈ అనుభవాన్ని వెంట తెచ్చాడు. 1916లో వెలువడిన తెగల నేర, సివిల్ వివాదాల నిబంధనావళికి భారత సరిహద్దు నేరాల నిబంధనావళే ఆధారం.

దీని ప్రకారం తెగల వారి వివాదాలు సాధారణ న్యాయస్థానాలకు కాక, షేక్‌లతో కూడిన సభకు వెళ్తాయి. ఆ సభ ఆచారాన్ని అనుసరించి నిర్ణయిస్తుంది. రాజకీయాధికారి దానిని ధ్రువీకరిస్తాడు. హత్య వంటి నేరానికి పరిహారంగా స్త్రీని ఎదుటి పక్షానికి అప్పగించే ఆచారం కూడా ఈ 'ఆచార' పరిధిలోకే వచ్చింది. ఆ సభలో ఆమెకు స్థానం లేదు.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 1858 నాటి ఒట్టొమన్ భూచట్టం, 1869–72 మధ్య మిద్హత్ పాషా అమలు చేసిన పట్టా విధానం చాలాచోట్ల షేక్‌ల ఆధిపత్యాన్ని అప్పటికే బలహీనపరచాయి. హన్నా బటాటు, పీటర్ స్లగ్లెట్ వంటి చరిత్రకారులు నిరూపించినట్లు, బ్రిటిష్ పాలన క్షీణిస్తున్న అధికారానికి తిరిగి ప్రాణం పోసింది. తెగకు ఒక్కడే షేక్ ఉండాలన్నది పాలనా సౌలభ్యం కోసం ఏర్పడిన భావన. దానిని 'అనాదిగా వస్తున్న సంప్రదాయం'గా అధికారిక పత్రాలు నమోదు చేశాయి.

1920: మైత్రికి పరీక్ష

1920 జూన్ 30న రుమైసాలో బకాయి చెల్లించలేదన్న కారణంతో షేక్ షాలాన్ అబూ అల్ జూన్‌ను నిర్బంధించగా, అతని తెగవారు వచ్చి విడిపించారు. మధ్య యూఫ్రటీస్ ప్రాంతమంతా తిరుగుబాటు వ్యాపించింది. పెద్ద కౌళ్లు ప్రభుత్వం చేతిలో ఉన్న దిగువ టైగ్రిస్ షేక్‌లు మాత్రం అధికశాతం దూరంగా ఉండిపోయారు. కొనుగోలు చేసిన విధేయత ఎక్కడ నిలిచింది, ఎక్కడ తెగింది అన్నది భూమి, పన్నుల స్వరూపాన్ని బట్టి నిర్ణయమైందని దీనివల్ల తెలుస్తుంది.

మన్యంతో పోలిక

ఈ పద్ధతి తెలుగు చరిత్ర పరిశోధకులకు అపరిచితం కాదు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి కలెక్టరుకు ఏజెంటు హోదాలో అప్పగించింది. గోదావరి మన్యంలో బ్రిటిష్ వారు గుర్తించిన మన్సబ్‌దారుపైనా, కొత్త కల్లు పన్నుపైనా 1879లో రంప ముఠాదారులు తిరగబడ్డారు. అక్కడ యుద్ధకాలపు ఆక్రమణ లేదు. కాని పాలకులు గుర్తించిన పెద్దకూ, ప్రజలు అంగీకరించిన పెద్దకూ మధ్య అంతరం రెండుచోట్లా సంఘర్షణకు దారితీసింది.

ముగింపు

యుద్ధం 1918లో ముగిసినా నిబంధనావళి ముగియలేదు. ఇరాక్ 1925 రాజ్యాంగం దానిని కొనసాగనిచ్చింది. 1958 విప్లవం వరకు అది అమలులో ఉంది. ఈలోగా షేక్‌లు భూస్వాములుగా, పార్లమెంటు సభ్యులుగా స్థిరపడ్డారు. 1933 నాటి సాగుదారుల చట్టం అప్పుపడిన రైతును భూమికి కట్టివేసింది. ఆక్రమణ ప్రభుత్వం నాయకుడితో కుదుర్చుకొన్న మైత్రికి మూల్యం చెల్లించినవారు ఆ ఒప్పందంలో పేరులేని రైతులు, స్త్రీలు. అందువల్ల వలస పాలనా పత్రాలలో 'తెగ విధేయత' అన్న మాట ఎదురైనప్పుడు, అది ఎవరి విధేయత, ఎవరి తరఫున ఎవరు ఇచ్చినది అని ప్రశ్నించడం పరిశోధకుని ప్రథమ కర్తవ్యం.